స్ప్లెండర్ ప్లగ్ త్రెడ్ పోయింది: హెడ్ మార్చాలా, బుష్ వేయిస్తే చాలా?

మీ ప్రశ్న ఏమిటో మిగతావాళ్లకి కూడా తెలియాలి కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 2014 మోడల్ స్ప్లెండర్ ప్లస్. స్పార్క్ ప్లగ్ తీసి శుభ్రం చేసి మళ్లీ పెడుతుంటే సగంలో బిగుసుకుంది, స్పానర్‌తో ఇంకాస్త బలంగా తిప్పితే కర్రుమని జారింది, ఇప్పుడు ఎంత తిప్పినా ఊరికే తిరుగుతోంది. ప్లగ్ బిగిసే త్రెడ్, అంటే మరలు, తెగిపోయాయన్నమాట. ఒక మెకానిక్ హెడ్ (సిలిండర్ మీద మూతలా ఉండి ప్లగ్ బిగిసే భాగం) మార్చాలన్నారు, ఇంకొకరు బుష్ (రంధ్రంలో పెట్టే మరలున్న గొట్టం) కొట్టిస్తే సరిపోతుందన్నారు, మూడో ఆయన టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి పంపేశారు. బండి నడుస్తోంది కానీ తుస్ తుస్ మని చప్పుడు, పికప్ లేదు. ముగ్గురిలో ఎవరి మాట వినాలి అని అడిగారు.

మూడో ఆయన మాట వినొద్దు, ఆ బండిని ఇక నడపొద్దు కూడా. మిగతా ఇద్దరిలో ఎవరిది సరైనదో మీ హెడ్‌లో ఎంత త్రెడ్ మిగిలిందో చూశాక తేలుతుంది, కానీ నూటికి తొంభై సందర్భాల్లో హెడ్ మార్చాల్సిన పని ఉండదు. టెన్షన్ పడకండి, ఇది బాగయ్యే రోగమే. కాకపోతే బాగు చేసే పద్ధతి తప్పితే ఇప్పుడున్న హెడ్ కూడా చేజారుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

టేపు ఎందుకు పనికిరాదో ముందు చెబుతాను. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు సిలిండర్లో మంట రేగిన క్షణాన ఒత్తిడి 40 నుంచి 50 బార్ దాకా వెళ్తుంది. మీ ప్లగ్ 10 మి.మీ. త్రెడ్డుది, అంటే దాని అడుగున ఉన్న వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు కన్నా తక్కువే, అయినా లెక్క వేస్తే 30 నుంచి 40 కిలోల బరువు ప్లగ్‌ని బయటికి తోస్తున్నట్టు. అదీ ఒకసారి కాదు, 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3000 సార్లు. ఈ దెబ్బలన్నీ తట్టుకునేది అల్యూమినియంలో కోసిన ఆ సన్నటి మరలే. అవి లేని చోట టేపు సందు పూడుస్తుందే గానీ పట్టు ఇవ్వలేదు. పైగా స్పార్క్ రావాలంటే కరెంటు ప్లగ్ బాడీ నుంచి హెడ్‌లోకి ఎర్త్ కావాలి, టేపు దానికీ అడ్డమే. ఎమ్‌సీల్, ఆరల్డైట్ పెట్టి బిగించేవాళ్లు కూడా ఉన్నారు, అవి ఇంకా ఘోరం, ఎందుకంటే తర్వాత బాగు చేసేవాడు ఆ గట్టిపడిన ముద్దని గీకే పనిలోనే మిగిలిన రెండు మరలూ పోతాయి.

ఇక అసలు విషయం. ఈ పనిలో అందరి దృష్టీ త్రెడ్ మీదే ఉంటుంది. ప్లగ్ బిగుసుకుందా, ఊడట్లేదా, అయితే పని అయిపోయినట్టే అనుకుంటారు. నేను చూసిన చెడిపోయిన రిపేర్లలో ఎక్కువ భాగం త్రెడ్ వల్ల చెడినవి కావు, సీటు వల్ల చెడినవి. సీటు అంటే ప్లగ్ వాషర్ ఆనుకునే ఆ గుండ్రటి చదును ముఖం. గ్యాస్ లీక్ కాకుండా ఆపేది అదే, త్రెడ్ కాదు. ప్లగ్ కొనలో పుట్టిన వేడిలో ఎక్కువ భాగం త్రెడ్ ద్వారా, ఆ వాషర్ ద్వారానే హెడ్‌లోకి పోయి చల్లారుతుంది. కొత్త త్రెడ్ రెండు డిగ్రీలు వంకరగా పడిందనుకోండి, వాషర్ ఒక పక్క నలిగి ఇంకో పక్క తేలుతుంది. ప్లగ్ గట్టిగానే ఉంటుంది, కానీ సన్నగా గ్యాస్ కారుతూనే ఉంటుంది, వేడి సరిగ్గా దిగదు, ప్లగ్ కొన ఎర్రగా కాలి స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకుంటుంది. దాన్నలా వదిలేస్తే చివరికి పిస్టన్ నెత్తి కరుగుతుంది. కాబట్టి ఎవరి దగ్గర చేయించినా మీరు చూడాల్సింది రెండే: ప్లగ్ నిటారుగా దిగిందా, వాషర్ చుట్టూ సమానంగా ఒత్తుకుందా. ఈ రెండూ కుదిరే పద్ధతి ఏదైనా మంచి పద్ధతే.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని, ఇంజన్ పూర్తిగా చల్లారాక ఆ ప్లగ్ తీసి దాని మరల్ని వెలుతురులో చూడటం. మరల మధ్య వెండి రంగు తీగలాగా చుట్టుకుని ఏదైనా కనిపిస్తే అది మీ హెడ్ త్రెడ్డే, కోసుకుని ప్లగ్‌తో పాటు వచ్చేసింది. దాన్ని గోటితో లాగి ఎంత పొడవుందో చూడండి, ఎన్ని చుట్లు వస్తే సుమారుగా అన్ని మరలు పోయినట్టు. తర్వాత రంధ్రంలోకి సన్నటి టార్చి వేసి చూడండి. పైన రెండు మూడు మరలు మాత్రమే నలిగి, కింద మెరుస్తూ వరసగా మరలు కనిపిస్తున్నాయా, లేక పైనుంచి కింద దాకా నున్నగా గొట్టంలా ఉందా? మీ ప్లగ్ త్రెడ్ పొడవు 12.7 మి.మీ., ఒక్కో మర 1 మి.మీ., అంటే మొత్తం డజను మరలు. కింద ఎనిమిది దాకా బాగుంటే అదృష్టం. నాలుగో ఐదో మిగిలితే వాటిని నమ్ముకోకూడదు.

మరల సంఖ్య ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లలో పాత ఫోర్డ్ ఎఫ్-150 వాడినవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. సిలిండర్‌కి రెండు వాల్వులున్న ఆ పాత ట్రైటన్ వీ8 ఇంజన్ల హెడ్‌లో ప్లగ్‌కి పట్టు దొరికే మరలు చాలా తక్కువ. నడుస్తుండగానే ప్లగ్, దాని మీద ఉండి కరెంటిచ్చే కాయిల్‌తో సహా ఎగిరిపోవడం ఆ ఇంజన్లకి పెద్ద చెడ్డపేరు తెచ్చింది. త్రెడ్ రిపేరు బుష్‌లు చేసే టైమ్‌సెర్ట్ కంపెనీ ఆ ఇంజన్ కోసమే విడిగా ఒక కిట్ తయారు చేసింది. నాలుగు మరల మీద బండి నడపడం ఎలాంటిదో దీన్ని బట్టి అర్థం చేసుకోండి.

పైన మరలు మాత్రమే నలిగిన కేసు అయితే టాప్ (కొత్తగా మరలు కోసే పరికరం) కొట్టనక్కర్లేదు, చేజర్ చాలు. చేజర్‌కి, టాప్‌కి తేడా ఉంది. టాప్ లోహాన్ని కోస్తుంది, చేజర్ ఉన్న మరల్ని సరిచేస్తుంది. మామూలు టాప్‌ని చెడిపోయిన పైభాగం నుంచి దింపితే అది పాత మర పట్టుకోకుండా తన దారి తాను కోసుకుపోయే ప్రమాదం ఉంది, అప్పుడు కింద బాగున్నవి కూడా పోతాయి. దీనికి సరైన పరికరం వెనక నుంచి పనిచేసే చేజర్, దాన్ని ముడిచి రంధ్రంలోకి దింపి, లోపల విప్పార్చి, కింద బాగున్న మరల్ని పట్టుకుని తిప్పుతూ పైకి తీసుకొస్తారు. మర సరైన దారిలోనే వస్తుంది, చెత్త కూడా బయటికే వస్తుంది. 14 మి.మీ. సైజు సులువుగా దొరుకుతుంది, 10 మి.మీ.ది కాస్త వెతకాలి, సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి చోట్ల టూల్స్ షాపుల్లో అడగండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

అది దొరక్కపోతే పాత పద్ధతి ఒకటుంది, మరీ తేలికపాటి దెబ్బకి పనిచేస్తుంది. మీ బండికి వచ్చే నంబరుదే ఒక పాత ప్లగ్ తీసుకుని, దాని మరల మీద పైనుంచి కిందికి హాక్సా బ్లేడుతో మూడు నాలుగు గాళ్లు కోయండి, అంచుల్లో లేచిన రజను సన్నటి ఆకురాయితో తీసేయండి, ఆ గాళ్ల నిండా గ్రీజు పూయండి. ఇప్పుడు దాన్ని చేత్తో, స్పానర్ లేకుండా, ముందు ఎడమ వైపుకి తిప్పండి. తిప్పుతుంటే ఒకచోట ప్లగ్ టక్కున కొద్దిగా కిందికి దిగినట్టు వేళ్లకి తెలుస్తుంది. మర మొదలయ్యే చోటు అదే. అక్కడి నుంచి కుడికి తిప్పండి. పావు చుట్టు ముందుకి, కొంచెం వెనక్కి, మళ్లీ ముందుకి. బిగుసుకుంటే తీసి తుడిచి కొత్త గ్రీజు పూసి మళ్లీ మొదలుపెట్టండి. గ్రీజుకి అంటుకుని వెండి రంగు పొడి వస్తుంది, అది రావాల్సిందే. కానీ మీరు చెప్పిన దాన్ని బట్టి, అంటే ఎంత తిప్పినా ఆగకుండా తిరుగుతోందంటే, మీ కేసు ఈ దశ దాటిపోయిందనే నా అనుమానం.

అప్పుడు మిగిలేది లోపల కొత్త త్రెడ్ పెట్టడం. ఇందులో రెండు దారులు. ఒకటి హెలికాయిల్, అంటే స్ప్రింగులాగా చుట్టిన స్టెయిన్‌లెస్ తీగ. రంధ్రాన్ని కిట్‌లో వచ్చిన డ్రిల్‌తోనే కొద్దిగా పెద్దది చేసి, కిట్‌లో వచ్చిన ప్రత్యేకమైన టాప్ కొట్టి, ఆ తీగని తిప్పుతూ దింపుతారు. తీగ లోపలి వైపు మీ 10 మి.మీ. ప్లగ్‌కి సరిపోయే మర ఏర్పడుతుంది. రెండోది గట్టి బుష్, అంటే లోపలా బయటా మరలున్న గొట్టం. కంపెనీ తయారీవి ఉన్నాయి, మన దగ్గర ఎక్కువగా లేత్ షాపులో చేయించేది కూడా ఇదే.

నా అభిప్రాయం అడిగితే, 10 మి.మీ. ప్లగ్ ఉన్న చిన్న బండ్లకి హెలికాయిల్ మంచిది, 14 మి.మీ. ప్లగ్ ఉన్న కార్లకి కాలర్ (పైన వెడల్పాటి అంచు) ఉన్న గట్టి బుష్ మంచిది. చాలామంది మెకానిక్‌లు దీనికి ఒప్పుకోరు, బుష్ అయితేనే గట్టి అంటారు. గట్టిదే, కాదనను. కానీ స్ప్లెండర్ హెడ్‌ని తిరగేసి చూస్తే మీకే తెలుస్తుంది, ప్లగ్ రంధ్రానికి, వాల్వ్ సీట్లకి (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనుకునే రింగులకి) మధ్య ఉన్న గోడ సన్నం. హెలికాయిల్‌కి ఒకటిన్నర మి.మీ. లోపు పెద్దది చేస్తే చాలు, బుష్‌కి అంతకంటే రెండింతలో మూడింతలో తినేయాలి. అంత సన్నబడిన గోడ వేడికీ చలికీ సాగి ముడుచుకుంటూ ఏదో ఒక రోజు వాల్వ్ సీటు వైపు చీరిపోతుంది. చీలిక వచ్చిన హెడ్‌కి ఇక ఏ వైద్యమూ గిట్టుబాటు కాదు. కార్లలో ప్లగ్ చుట్టూ లోహం ఎక్కువ, అక్కడ బుష్‌కి చోటుంది.

హెలికాయిల్‌లో జాగ్రత్తలు మూడు. తీగ పొడవు ప్లగ్ పొడవుకి తగ్గదే తీసుకోవాలి, 19 మి.మీ. ప్లగ్ కోసం ఇచ్చిన తీగని 12.7 ప్లగ్ రంధ్రంలో పెడితే కింద తేలుతుంది. తీగ పైకొన సీటు ముఖానికి పావు నుంచి అర చుట్టు కిందకే ఆగాలి, పైకి తేలితే వాషర్ దాని మీద కూర్చుంటుంది. ఇక తీగ అడుగున దాన్ని తిప్పడానికి ఒక చిన్న అడ్డ కొస ఉంటుంది, పని అయ్యాక దాన్ని విరిచి తీసేయాలి, కొన్ని రకాల్లో ముక్కు పటకారుతో పట్టుకుని పైకీ కిందికీ వంచితే విరుగుతుంది. ఆ ముక్క సిలిండర్లో పడితే అది ఉక్కు, అల్యూమినియం పొడిలాగా మెత్తనిది కాదు. బోరు (సిలిండర్ లోపలి గోడ) మీద గీత పడుతుంది, వాల్వ్ కింద ఇరుక్కుంటే వాల్వ్ వంగుతుంది.

అందుకే నా గట్టి సలహా: స్ప్లెండర్ లాంటి సింగిల్ సిలిండర్ బండికి ఈ పని ఇంజన్ మీదే చేయొద్దు, హెడ్ దించి చేయించండి. గ్రీజు పూస్తాం, వాక్యూమ్ పెడతాం, ఏం కాదు అని చెబుతారు. కార్లలో హెడ్ దించడం పెద్ద ఖర్చు కాబట్టి అక్కడ అలా చేయక తప్పదు. కానీ మీ బండిలో సైలెన్సర్, కార్బురేటర్ విప్పి, టైమింగ్ గుర్తులు కలిపి చైన్ స్ప్రాకెట్ తీసి, నట్లు, బోల్టులు విప్పితే హెడ్ వచ్చేస్తుంది, తెలిసిన మెకానిక్‌కి ఒక పూట పని కూడా కాదు. నట్ల కింద వాషర్లు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోమనండి, హెడ్ గాస్కెట్ మాత్రం కొత్తది వేయించండి, పాతది మళ్లీ వాడొద్దు. హెడ్ చేతిలో ఉంటే పొడి లోపల పడే బాధ లేదు, రెండు వైపుల నుంచీ చూస్తూ పని చేయొచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా నిటారుగా డ్రిల్ చేయొచ్చు. ఎలాగూ దించారు కాబట్టి వాల్వులు గ్రైండింగ్ చేయించి, ఆయిల్ సీళ్లు కూడా మార్పించుకోండి.

నిటారు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ప్లగ్ రంధ్రం హెడ్ అడుగు ముఖానికి నిలువుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. హెడ్‌ని డ్రిల్లింగ్ మిషన్ టేబుల్ మీద బోర్లా పెట్టి నేరుగా డ్రిల్ దించితే రంధ్రం వంకర పోయినట్టే. హెడ్‌ని ఆ కోణానికి వంచి బిగించాలి, కోణం సరిపోయిందో లేదో సీటు ముఖాన్ని బట్టి చూడాలి. ఆ ముఖం ప్లగ్ దారికి కచ్చితంగా లంబంగా ఉండేలా కంపెనీలోనే కోసి ఇచ్చారు, మీకున్న ఒకే ఒక నమ్మకమైన కొలబద్ద అదే. మంచి లేత్ మిషన్ ఆయన డయల్ గేజ్ (ఎత్తుపల్లాల్ని సూదితో చూపించే కొలత పరికరం) సూదిని ఆ సీటు మీద చుట్టూ తిప్పి చూస్తాడు, సూది కదలకుండా ఉండేదాకా హెడ్‌ని సర్దుతాడు, ఆ తర్వాతే డ్రిల్ ముట్టుకుంటాడు. హైదరాబాద్ బాలానగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో, విశాఖ ఆటోనగర్‌లో ఇలా చేసే షాపులు ఉన్నాయి. మీ ఊళ్లో షాపుకి వెళ్లినప్పుడు "కోణం ఎలా సెట్ చేస్తారు" అని ఒక్క ప్రశ్న అడగండి. కంటితో చూసి చేసేస్తాం అంటే హెడ్ తీసుకుని వచ్చేయండి.

బుష్ వేయించక తప్పని పరిస్థితి కూడా వస్తుంది, ఉదాహరణకి ఇంతకు ముందే ఎవరో హెలికాయిల్ వేసి అది కూడా ఊడిపోయి రంధ్రం పెద్దదైపోతే. అప్పుడు బుష్ దేనితో చేస్తున్నారో అడగండి. అల్యూమినియం వేడికి బాగా సాగుతుంది, మామూలు ఇనుము అందులో సగమే సాగుతుంది, ఇత్తడి, గన్‌మెటల్, స్టెయిన్‌లెస్ మధ్యలో ఉంటాయి. హెడ్ కాలినప్పుడు రంధ్రం సాగి, ఇనుప బుష్ అంతగా సాగకపోతే పట్టు వదులవుతుంది, తర్వాత ప్లగ్ విప్పినప్పుడు బుష్ కూడా దానితో తిరిగి వచ్చేస్తుంది. అందుకని గన్‌మెటల్ గానీ స్టెయిన్‌లెస్ గానీ అడుగుతాను నేను. బుష్‌కి పైన కాలర్ ఉంటే ఆ కాలర్ మందం మేరకి సీటుని కోసి దింపాలి, లేకపోతే ప్లగ్ అంత మేర పైకి లేచి కూర్చుంటుంది, కొన లోపలికి అందదు. అడుగున బుష్ చాంబర్‌లోకి పొడుచుకు రాకూడదు, పొడుచుకొచ్చిన సన్నటి అంచు ఎర్రగా కాలి నాకింగ్ (ఇంజన్ టకటక కొట్టుకోవడం) తెస్తుంది. బయటి మరలకి మామూలు త్రెడ్ లాకర్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) పూస్తే 150 డిగ్రీల దగ్గర అది పట్టు వదిలేస్తుంది, ఎక్కువ వేడి తట్టుకునే రకమే పూయాలి.

మూడో దారి ఆర్గాన్ వెల్డింగ్, అంటే రంధ్రాన్ని అల్యూమినియంతో పూర్తిగా నింపి, మళ్లీ కొత్తగా డ్రిల్ చేసి టాప్ కొట్టడం. చేయగలిగినవాడు చేస్తే కంపెనీ త్రెడ్‌తో సమానం. కానీ అంత వేడికి హెడ్ ముఖం వంగుతుంది, వాల్వ్ సీట్లు వదులవుతాయి, తర్వాత ముఖం కోయించి సీట్లు చూపించుకోవాలి. మసి, ఆయిల్ పట్టిన పాత అల్యూమినియంలో వెల్డింగ్ సరిగ్గా పట్టక బుడగలు కూడా వస్తాయి. విడిభాగాలు దొరకని పాత బండ్లకి, యెజ్డీ, రాజ్‌దూత్ లాంటివాటికి, ఇది చేయించడంలో అర్థం ఉంది. స్ప్లెండర్ హెడ్ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, దాని కోసం ఇంత దూరం పోనవసరం లేదు. హెలికాయిల్‌కి అవకాశం లేకపోతే కొత్త హెడ్డే వేసేయండి, పాత హెడ్ కొంటే మాత్రం ప్లగ్ చేత్తో దింపి చూశాకే డబ్బులివ్వండి.

10 రంధ్రాన్ని 12కి టాప్ కొట్టి పెద్ద ప్లగ్ వేసేద్దాం అనే సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. మర అయితే పడుతుంది. కానీ 12 ప్లగ్ వాషర్ పెద్దది, దానికి సరిపడా సీటు ముఖం ఉందో లేదో చూడాలి, హీట్ రేంజ్ (ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకె), పొడవు కలిసే నంబరు వెతకాలి, రేపు ఇంకో మెకానిక్ చూసుకోకుండా పాత నంబరు ప్లగ్ తెచ్చి పెడితే మళ్లీ మొదటికే. దారి మధ్యలో ఆగిపోయినవాళ్లకి తప్ప నేను చెప్పను.

పని అయ్యాక ప్లగ్ ఎలా బిగిస్తున్నారన్నది చూసుకోండి, ఎందుకంటే అసలు మీ త్రెడ్ పోయిందే అక్కడ. ప్లగ్‌ని స్పానర్‌తో మొదలుపెట్టకూడదు. ప్లగ్ వెనక పింగాణీ వైపుకి ఒక జానెడు పెట్రోలు పైపు ముక్క తొడిగి, ఆ పైపుని రెండు వేళ్లతో తిప్పుతూ దింపండి. మర వంకరగా పట్టుకుంటే రబ్బరు పైపు దానంతట అదే జారిపోతుంది, మీరు బలం పెట్టాలన్నా కుదరదు. వాషర్ తగిలేదాకా ఇలా వేళ్ల బలంతోనే దిగాలి. సగంలో బిగుసుకుంటే అది లోపలికి పోనంటోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. వాషర్ తగిలాక, కొత్త ప్లగ్ అయితే అర చుట్టు, ఎందుకంటే కొత్త వాషర్ నలగాలి. ఇంతకు ముందు బిగించి తీసిన ప్లగ్ అయితే వాషర్ అప్పటికే నలిగి ఉంది, దానికి అర చుట్టు తిప్పితే త్రెడ్ తెగుతుంది, గడియారం ముఖం మీద ఒక అంకె నుంచి పక్క అంకెకి ఎంత దూరమో అంత తిప్పితే చాలు.

టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే స్పానర్) ఉన్నవాళ్లకి లెక్కలు చెబుతాను. అల్యూమినియం హెడ్‌లో 10 మి.మీ. ప్లగ్‌కి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. ప్లగ్‌కి 15 నుంచి 20, 14 మి.మీ. ప్లగ్‌కి 25 నుంచి 30. రెంచ్ లేనివాళ్లు ఇలా ఊహించుకోండి: 20 సెంటీమీటర్ల టామీ రాడ్ చివర ఐదారు కిలోల బలం పెడితే మీ ప్లగ్‌కి కావాల్సినంత బిగింపు వచ్చేసింది. అదే రాడ్‌కి రెండడుగుల పైపు తొడిగి అంతే బలం పెడితే మూడింతలు. షాపుల్లో త్రెడ్లు తెగేది ఇక్కడే, పెద్ద స్పానర్‌తో అలవాటు పడ్డ చెయ్యి చిన్న ప్లగ్ మీద కూడా అంతే బలం వేస్తుంది. మరలకి యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) పూయమని కొందరంటారు, ఎన్‌జీకే కంపెనీ తమ ప్లగ్ మరలకి ముందే పూత ఉంటుంది కాబట్టి వద్దంటుంది. పూస్తే జారుడు పెరిగి, రెంచ్ అంతే చూపిస్తున్నా లోపల బిగింపు ఎక్కువైపోతుంది.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు, ప్లగ్ నంబరు. చిన్న బండ్లలో బాగా కనిపించే సీఆర్7హెచ్ఎస్ఏ నంబరే చూడండి. మొదటి సీ అంటే 10 మి.మీ. త్రెడ్, 7 హీట్ రేంజ్, ఆ తర్వాత వచ్చే హెచ్ అంటే పొడవు 12.7 మి.మీ. అదే చోట ఈ అని ఉంటే పొడవు 19 మి.మీ. రెండూ ఒకే రంధ్రంలో దూరతాయి. కానీ పొడవుది పెడితే ఆరు మి.మీ. పైగా చాంబర్‌లోకి పొడుచుకుపోతుంది, పిస్టన్‌కి తగలొచ్చు, తగలకపోయినా ఆ తేలిన మరల మీద బొగ్గు గట్టిపడి తర్వాత ప్లగ్ విప్పినప్పుడు హెడ్ త్రెడ్‌ని కోసుకుంటూ వస్తుంది. పొట్టిది పెడితే హెడ్ అడుగు మరల్లో బొగ్గు నిండి, మళ్లీ సరైన ప్లగ్ పెట్టినప్పుడు సగంలో బిగుసుకుంటుంది. మీ ప్లగ్ సగంలో ఆగిందన్నారు కదా, అంతకు ముందు ఎవరైనా పొట్టి ప్లగ్ వేశారేమో పాత ప్లగ్ నంబరు చూడండి. బండి మాన్యువల్‌లో ఏది రాసుందో అదే కొనండి.

విప్పేటప్పుడు కూడా, ఇంజన్ మీద చెయ్యి ఆనించి ఉంచగలిగేంత చల్లారాకే విప్పాలి. ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో, గాలితో తీసేశాకే స్పానర్ పెట్టాలి, మన రోడ్ల దుమ్ము ఆ గుంటలో పేరుకుని ఉంటుంది, ఇసుక రేణువులు మరల్లో పడితే అవే అరగదీస్తాయి. గట్టిగా ఉంటే తుప్పు వదిలించే ఆయిల్ పోసి కాసేపు ఆగి, పావు చుట్టు విప్పి కొంచెం వెనక్కి బిగించి మళ్లీ విప్పుతూ తీయాలి.

కార్లవాళ్లకి ఒక్క మాట. మారుతి 800, ఓమ్ని లాంటివాటిలో 14 మి.మీ. ప్లగ్, పైకే కనిపిస్తుంది కాబట్టి హెడ్ దించకుండా చేయొచ్చు. పిస్టన్‌ని కిందికి దించి, టాప్ గాళ్ల నిండా గ్రీజు పెట్టి, రెండు మూడు చుట్లకోసారి తీసి తుడిచి మళ్లీ గ్రీజు పెట్టి, అంతా అయ్యాక సన్నటి పైపుతో లోపల వాక్యూమ్ లాగి, ప్లగ్ పెట్టకుండా స్టార్టర్‌ని కొన్ని సెకన్లు తిప్పితే మిగిలిన పొడి ఎగిరిపోతుంది. తిప్పే ముందు ఇగ్నిషన్ కనెక్షన్ తీసేయండి, మొహం దూరంగా పెట్టండి, లోపలున్న పెట్రోలు ఆవిరి కూడా బయటికి చిమ్ముతుంది. లోతు బావిలో కాయిల్ కింద ప్లగ్ ఉండే కొత్త వ్యాగన్ఆర్ లాంటి ఇంజన్లలో మాత్రం కంటికి ఏమీ కనిపించదు, అక్కడ అలవాటున్నవాళ్ల చేతే చేయించండి.

బండి మళ్లీ స్టార్ట్ చేశాక ప్లగ్ చుట్టూ సబ్బు నీళ్లు నాలుగు చుక్కలు వేసి ఐడిల్‌లో చూడండి, ఇంజన్ వేడెక్కకముందే. బుడగ రాకూడదు. రెండు మూడు రోజులు తిప్పాక, చల్లారినప్పుడు ప్లగ్ తీసి వాషర్ ముఖాన్ని చూడండి. చుట్టూ ఒకే వెడల్పుతో మెరుస్తున్న గీత ఉంటే పని సరిగ్గా కుదిరినట్టు. ఒక పక్క మెరుస్తూ ఇంకో పక్క నల్లటి మసి ఉంటే త్రెడ్ వంకరగా పడింది, చేసినాయన దగ్గరికే తీసుకెళ్లి ఆ వాషర్ చూపించండి. ఈలోగా టేపు విప్పేసి, ప్లగ్ మరల ఫొటో ఒకటి, టార్చి వేసి రంధ్రం ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, ఎన్ని మరలు మిగిలాయో చూసి చేజర్ చాలో హెలికాయిలే కావాలో చెబుతాను.